లష్కరు సికింద్రాబాదు అయిన విధము

మన సికింద్రాబాదును హైదరాబాదుకు శివారుగా చెప్పుకోవడం పిల్లలకు అలవాటైంది. కాని ఈ ఊరి పుట్టుక వేరు, పెరుగుదల వేరు.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ప్రకారం వచ్చిన కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగరుకు ఈశాన్యాన బయళ్లలో డేరాలు వేసుకున్నాయి. ఆ పటాలాల ఖర్చు క్రింద 1800లో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీ పరమైనాయి. అవే దత్తమండలాలు. సికింద్రాబాదు డేరాలకు బాడుగ చెల్లించింది రాయలసీమ అన్నమాట! మన చరిత్ర పుస్తకాలు ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాలలో చెప్పి ఊరుకుంటాయి.

1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఈ దండుకు సికింద్రాబాదు అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం లష్కరే. పేరు నిజాముది, పెత్తనం దొరలది. ఇక్కడికి దిగుమతి అయ్యే సరుకుపై సుంకం లేకపోవడంతో వర్తకులు చేరారు. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు వెలిశాయి. మద్రాసు పటాలాల వెంట తమిళులు వచ్చి స్థిరపడ్డారు. పటాలంలో పనిచేసిన సురటి అప్పయ్య కలరా రోజులలో ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ మహంకాళిని ప్రతిష్ఠించాడని చెబుతారు.

నాణెం కూడా వేరే. చెరువుకు ఆవల హాలీ సిక్కా, ఈవల కల్దారు. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనుక, ఆ లెక్కను రోజూ చిట్టాలో వేసినవారిని తలచుకుంటే నాకు జాలి వేస్తుంది.

1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1897లో గడియార స్తంభం ప్రారంభమైంది. అదే ఏడు ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు.

1960లో సికింద్రాబాదు మునిసిపాలిటీ హైదరాబాదు కార్పొరేషనులో కలిసింది. నా మటుకు, వీధి దీపం మొదలు మురుగుకాలువ దాకా మన మాట వినే సొంత మునిసిపాలిటీ పోవడం నష్టమే. జేమ్స్ స్ట్రీటు మహాత్మాగాంధీ రోడ్డు అయింది. ఆషాఢంలో అమ్మవారికి ఎత్తేవి మాత్రం నేటికీ లష్కరు బోనాలే.