చేతిపనిముట్లు – చరిత్ర

రాజుల యుద్ధములను, వంశావళులను చదివిన మనము సుత్తి, పట్టకారు, ఆకురాయి అనువాని చరిత్రను చదువలేదు. చేతిపని తక్కువదనియు, పుస్తకమున నున్నదే విద్య యనియు మనలో నాటుకొనిన భావమే యిందులకు కారణము. దానివలన మనకు గలిగిన నష్టమును నిజామాబాదు జిల్లా చరిత్రయే చెప్పుచున్నది.

ఈ జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. అచ్చటి కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతులు మూసి, కొలిమిలో కరగించి ఉక్కుముద్దలు తీయుచుండిరి. వానిని కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ విధానమును కన్నులార చూచి వ్రాసినవాడు హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయ వైద్యుడు. ఆయన 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చుపడెను. లండనులో ఈ దేశపు ఉక్కును పరీక్షించిన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు. మన దేశముననో, వ్రాయనేర్చినవారికి కొలిమి దూరము. కొలిమి నెరిగినవారికి వ్రాత దూరము. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన ఆ విద్య, గిరాకి పోగానే అంతరించెను.

ఇక మరియొక కమ్మరి కథ వినుడు. డెన్మార్కునుండి అమెరికాకు వలసపోయిన విలియం పీటర్సన్ నెబ్రాస్కాలోని డివిట్ గ్రామమున కొలిమి నడుపుచుండెను. ఇనుమును గట్టిగా పట్టియుంచి రెండు చేతులకు తీరిక నిచ్చు పట్టకారును అతడు కల్పించి, 1921లో తొలి పేటెంటును, పిడి తాళమువలె బిగిసిపోవు ఏర్పాటునకు 1924లో మరియొకదానిని పొందెను. అదియే వైస్ గ్రిప్ అను లాకింగ్ ప్లయర్. కోనసముద్రపు కమ్మరి బుద్ధిలో నితనికి తీసిపోడు. ఇతని యూహ కాగితము మీదికెక్కి చట్టముచే రక్షింపబడెను. అతని విద్యకు ఆ భాగ్యము లేకపోయెను.

ఈ పనిముట్టును వాడుటయందును తెలివి కావలెను. పిడి చివరి మరను త్రిప్పి, దవడల యెడమును వస్తువు మందమునకు సరిపుచ్చి, పిమ్మట పిడిని నొక్కవలెను. మిక్కిలి సులువుగా మూసికొనిన పట్టు జారును. బలవంతమున మూసినచో వస్తువు నలుగును. గుండ్రని గొట్టమునకు వంపుదవడలు, ఇరుకుచోటికి సన్నని ముక్కు తగును. అంచులు చెడని నట్టునకు సరియైన పానాయే వాడవలెను. అంచు లరిగి పానా నిలువని నట్టుకే ఈ పట్టకారు. దీనిని సుత్తిగా వాడువాడు రెండింటిని చెరుచును.

ఇట్టి యెరుక యంతయు పనివారి చేతులయందే యున్నది. 1937లో స్థాపింపబడిన బోధను నిజాం చక్కెర కర్మాగారము, రెంజల్ మొదలగు చుట్టుపట్ల సీమకు యంత్రవిద్యాలయము వంటిది. అది 2015 డిసెంబరులో మూతపడెను. గానుగయంత్రముల చప్పుడు విని లోపమును కనిపెట్టిన ఫిట్టర్ల నేర్పు ఏ పుస్తకమున నున్నది? కోనసముద్రమునకు పట్టిన గతియే దీనికిని పట్టవలెనా?

చదువుకొనిన కుటుంబములవారికి మా మనవి యొక్కటే. మీ బాలురను, బాలికలను గూడ ఆ వృద్ధుల చెంత కూర్చుండబెట్టుడు. ఒక చేత పానాను, ఒక చేత కలమును ఇండు. వారు చెప్పినది వ్రాయించుడు. చేయియు వ్రాతయు కలిసిననాడే విద్య నిలుచును.