తప్పటడుగుల వయసు ఆటలు – నమోదు కాని చరిత్ర: బాలాపూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఏడాది నిండిన శిశువు మొదలు మూడేళ్ల లోపు పిల్లల వరకు ఇంటి పెద్దలు ఆడించే ఆటలకు కొన్న బొమ్మలు గాని, ముందస్తు ఏర్పాట్లు గాని అక్కరలేదు. ఒడి, అరచేయి, కాళ్లు, గుప్పెడు మట్టి చాలు. ఈ ఆటలు తెలుగు కావ్యాలలో, జానపద గేయ పరిశోధనలో, శిశుసంక్షేమ వ్యవస్థలలో ఏ మేరకు నమోదయ్యాయో పరిశీలించడం, నగరంలో కలిసిపోతున్న బాలాపూర్ వంటి గ్రామంలో వీటిని సేకరించవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: శిశుక్రీడలు, జానపద విజ్ఞానం, అంగన్‌వాడీ, బాలాపూర్, నవచేతన.

1. కావ్యాలలో పేరున్న ఆట, పేరులేని ఆట

తెలుగువారి ఆటల చరిత్రకు కావ్యాలను ఆధారంగా చేసుకొనే పద్ధతికి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) బలమైన పునాది వేసింది. అయితే కావ్యాలలో పేర్లతో కనిపించే ఆటలు ఎక్కువగా నాలుగైదేళ్లు దాటిన పిల్లలవి, యువతీయువకులవి. పోతన భాగవతం దశమస్కంధమే ఇందుకు మంచి ఉదాహరణ. అందులో చిన్ననాటి రుక్మిణి చెలికత్తెలతో బొమ్మల పెళ్లిళ్లు చేస్తుంది, గుజ్జనగూళ్లు వండిస్తుంది. ఆ ఆటలకు పేర్లు, పాత్రలు, నియమాలు ఉన్నాయి. అదే స్కంధంలో బాలకృష్ణుడు పాకుతాడు, లేగదూడల తోకలు పట్టుకుంటాడు, మన్ను తింటాడు. ఇవి కూడా ఆటలే. కాని వీటికి పేర్లు లేవు, చేష్టలుగానే వర్ణితమయ్యాయి. నియమబద్ధమైన క్రీడను మాత్రమే ‘ఆట’గా లెక్కించిన చరిత్రరచనలో పసివాడి ఆటకు చోటు దక్కకపోవడానికి ఈ పేరులేమి ఒక కారణం.

2. పాటగా మిగిలిన ఆట

ఇరవయ్యో శతాబ్దంలో జానపద గేయాల సేకరణ ఈ లోటును కొంత పూరించింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ (1958) ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది. ఆ తరం సేకర్తల కృషి లేకపోతే లాలిపాటలు, పిల్లల పాటలు ఎన్నో మరుగున పడిపోయేవి. అయితే పరిశోధన ప్రధానంగా సాహిత్యదృష్టితో సాగినందువల్ల పాఠం నిలిచింది గాని దానితో ముడిపడిన క్రియ చాలాచోట్ల నిలవలేదు.

కాళ్లాగజ్జె ఆటను తీసుకుందాం. పిల్లలు కాళ్లు బారజాపి వరుసగా కూర్చుంటారు. పెద్దవారొకరు పాట పాడుతూ మాటకొక కాలు చొప్పున తాకుతూ పోతారు. చివరి మాట ఏ కాలిమీద పడితే ఆ కాలు ముడుచుకోవాలి. మాటకూ స్పర్శకూ ఉన్న పొత్తు, తన వంతు కోసం ఎదురుచూపు, వరుస తెలియడం ఇక్కడి సారం. ముద్రిత పాఠంలో మనకు దక్కేది చరణాలే.

అరచేతిలో ఆడే ఆట మరింత సున్నితమైనది. పెద్దవారు బిడ్డ అరచేతిలో మోచేతితో పప్పు రుబ్బినట్లు నటిస్తారు. ఒక్కొక్క వేలూ మడుస్తూ ఇంట్లోవారి పేరు చెప్పి వాటా పెడతారు. ఆపైన రెండు వేళ్లను నడిపించుకుంటూ చేతిమీదుగా చంకదాకా పోయి చక్కిలిగింతలు పెడతారు. వేళ్లు నడుస్తున్నంతసేపు నవ్వును బిగబట్టుకున్న బిడ్డకు రాబోయేది తెలుసు. ఊహించడం, ఇంటివారిని పేరుపేరునా గుర్తించడం, పంచుకోవడం ఒక్క నిమిషంలో జరిగిపోతాయి. దోబూచులాట, ఉప్పుమూట, పడుకున్న పెద్దల కాళ్లమీద ఊగడం – అన్నిటా ఆటవస్తువు మనిషే. ఏర్పాట్లు లేకపోవడాన్ని పేదరికానికి గుర్తుగా చూసే అలవాటును ఈ ఆటలు ప్రశ్నిస్తాయి.

3. సంస్థలు విధించిన వయఃపరిమితి

1939లో మేరియా మాంటిసోరి మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతికి ప్రత్యేకంగా సిద్ధపరిచిన పరికరాలు, పరిసరాలు ప్రాణం. తెలుగువారిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణి ద్వారా, ‘బాల’ పత్రిక ద్వారా పిల్లల లోకానికి గౌరవం తెచ్చారు. అయితే మైకు ముందు నిలిచి మాట్లాడగల, పత్రిక చదవగల పిల్లలే సహజంగా ఆ కృషికి కేంద్రమయ్యారు.

1975 అక్టోబరు 2న దేశంలోని 33 ప్రాజెక్టులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరేళ్లలోపు పిల్లలందరినీ లెక్కలోకి తెచ్చింది. కాని అందులో ఆటపాటలతో కూడిన పూర్వప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవారికే. అంతకంటే చిన్నవారికి అందినవి పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు. తెలంగాణలో మూడేళ్లలోపు బిడ్డకు అంగన్‌వాడీ అంటే ముఖ్యంగా ఇంటికి తెచ్చుకొనే బాలామృతం ప్యాకెట్. ఆకలి గుర్తింపు పొందింది, ఆట ఇంటికే మిగిలింది.

ఆ ఆట విలువ ఎంతటిదో జమైకా అనుభవం చూపింది. 1980లలో కింగ్‌స్టన్‌లో ఎదుగుదల కుంటుపడిన, 9 నుంచి 24 నెలల వయసు గల 129 మంది పిల్లలపై అధ్యయనం జరిగింది. వారిలో కొందరి ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి వెళ్లి, పారవేసే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలను రెండేళ్లపాటు ఆడించారు. ఇరవయ్యేళ్ల తరువాత ఆ పిల్లల సంపాదన, అటువంటి తోడ్పాటు అందని సాటివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో ప్రకటితమైన ఫలితాలు తెలిపాయి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2024లో విడుదల చేసిన ‘నవచేతన’ చట్రం పుట్టుక నుంచి మూడేళ్ల వరకు 140 కృత్యాలను సూచించింది. అర్ధశతాబ్దం తరువాత పసివాడి ఆట ప్రభుత్వ పత్రాలలోకి చేరింది.

4. బాలాపూర్: గ్రామం నగరమవుతున్న వేళ

రంగారెడ్డి జిల్లాలోని బాలాపూర్‌ను బయటివారు 1994లో మొదలైన వినాయక లడ్డూ వేలంతో గుర్తిస్తారు. నిన్నమొన్నటి వరకు ఇది సరూర్‌నగర్ మండలంలో ఒక గ్రామం. ఇప్పుడు మండల కేంద్రం, నగరంలో భాగం. తెలంగాణ పల్లెలో పసిపిల్లల ఆటకు వాకిలి, అరుగు, కల్లం వేదికలు. జొన్నబెండ్ల బండి, తాటిముంజల బండి, బొడ్డెమ్మకు తెచ్చిన మట్టిలో మిగిలిన ముద్ద సామగ్రి. జొన్నచేలు ప్లాట్లుగా, వాకిళ్లు పార్కింగ్ స్థలాలుగా మారిన చోట ఈ సామగ్రి దొరకదు. ఒడిలో ఆడే ఆటలకు మాత్రం స్థలంతో పనిలేదు. అవి ఆగిపోతే అందుకు కారణం ఆడించే మనిషికి తీరిక కరువవడం, లేదా ఆడించడం ఒక విద్య అన్న ఎరుక పోవడం.

బాలాపూర్ ప్రత్యేకత మరొకటి ఉంది. పాతకాపుల తెలుగు కుటుంబాలు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, పనికోసం వలస వచ్చినవారు, రోహింగ్యా శరణార్థులు ఇక్కడ ఇరుగుపొరుగున ఉన్నారు. ఊరు వదిలిన కుటుంబం బొమ్మలు మోసుకురాలేకపోవచ్చు, చేతివేళ్ల ఆటను తెచ్చుకోగలదు. ఒకే క్రియ వేర్వేరు భాషల మాటలతో ఎలా సాగుతుందో పోల్చి చూడడానికి ఇటువంటి చోటు అనువైనది.

5. ముగింపు

శిశుక్రీడల సేకరణలో పాటతోపాటు క్రియను కూడా నమోదు చేయాలి. ఏ మాటకు ఏ స్పర్శ, ఎక్కడ విరామం, ఎన్ని నెలల బిడ్డతో, ఆడించేది ఎవరు, ఏ భాషలో – ఈ వివరాలు లేని పాఠం సగం సాక్ష్యమే. కుటుంబాల అనుమతితో దృశ్యరూపంలో భద్రపరచడం, అంగన్‌వాడీ టీచర్లను సహపరిశోధకులుగా కలుపుకోవడం తెలుగు శాఖలకు సాధ్యమయ్యే పనులు. ఈ ఆటలు తెలిసిన అమ్మమ్మలు, నాయనమ్మలు వృద్ధులవుతున్నారు. నవచేతన కృత్యాల సరసన స్థానికమైన ఆటలను చేర్చకపోతే, తాను చేతులారా ఆడించిన ఆటనే ఆ నాయనమ్మ కొత్త పాఠంగా వినవలసి వస్తుంది. ఆమెను బోధకురాలిగా గుర్తించడానికి కావలసిన ఆధారాలను సమకూర్చడం పరిశోధకుల బాధ్యత.