కాగజ్‌నగర చరిత్రము

గ్రంథాలయమున పుస్తకము చేతబట్టు ప్రతివారును కాగితముపై బ్రదికిన ఒక పట్టణపు కథ నెరుగుట యుక్తము. ఆదిలాబాదు సీమలో పూర్వము కొత్తపేట యను పల్లె యుండెను. నిజాము పాలనలో 1938లో అచట సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమయ్యెను. 1942లో ఉత్పత్తి మొదలయ్యెను. అడవుల వెదురు, పెద్దవాగు నీరు, సింగరేణి బొగ్గు, కాజీపేట–బల్లార్షా రైలుమార్గము – ఈ నాలుగును మిల్లునకు అనుకూలించినవి. వెదురును ముక్కలుచేసి, మందులతో నుడికించి, ఆ గుజ్జును కడిగి, తెల్లపరచి, పలుచగా పరచి యారబెట్టిన కాగితమగును. ఉర్దూలో 'కాగజ్' అనగా కాగితము. పల్లె పేరును కాగజ్‌నగర్ అయ్యెను.

అయితే పేరిచ్చిన మిల్లే 2014లో ఆగిపోయెను. కార్మికుని జీతము నిలిచినచో కూరగాయల తక్కెడయు, దర్జీ కుట్టుమిషనును నిలిచిపోవును గదా! 2018లో జె.కె. పేపరు సంస్థ స్వీకరించిన పిమ్మట మిల్లు మరల నడచినది.

ఒక్క పరిశ్రమ యూరిని నిలుపగలదు; ఆ యొక్కదానినే నమ్మినచో పడద్రోయనుగలదు. సాంచెల చప్పుడుపై బ్రదుకు మన పొరుగు సిరిసిల్లకును ఈ చరిత్ర వర్తించును. కావున మన బిడ్డలకు ఒక పనితోపాటు మరియొక విద్యయు నేర్పుదము. అందులకు గ్రంథాలయమే తొలి మెట్టు.