మనస్సును కొలిచినవారికి దక్కిన మన్ననలు

ఆదోని పత్తి బజారులో వ్యాపారి దూదిపింజను రెండు చేతుల వ్రేళ్ళతో లాగి, పోగు పొడవెంతో చెప్పగలడు. ఎమ్మిగనూరులో నేతగాడు నూలును చూచి అది ఎన్నవ నంబరో చెప్పును. కొలత కుదిరినచోట గుర్తింపు కూడ సులభముగానే కుదురును. ఎమ్మిగనూరు నేతపనివారిని సహకార సంఘముగా కూర్చిన మాచాని సోమప్పగారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినప్పుడు, అది దేనికని ఎవరును అడుగవలసిన పని లేకపోయినది. మగ్గములు కంటి ఎదుటనే ఉన్నవి. మరి మనస్సును గూర్చి పరిశోధించువాని సంగతి యేమి? అతనికిచ్చిన బహుమతిని ఏ శాస్త్రము పద్దున వ్రాయవలెను? ఇది చిన్న ప్రశ్నగా కనిపించును గాని, గడచిన నూరేండ్లలో దీనికి దొరికిన సమాధానములు బహు చిత్రమైనవి.

ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికిని పావ్లోవు కుక్క తెలియును. గంట వినగానే నోరూరిన ఆ కుక్క మనస్తత్వశాస్త్ర పాఠములలో మొదటి పుటలలోనే ఎదురగును. పావ్లోవుకు 1904లో నోబెల్ బహుమతి వచ్చినమాట నిజమే. కాని అది గంటకును కుక్కకును రాలేదు, జీర్ణక్రియను గూర్చి చేసిన పరిశోధనలకు వచ్చినది. నోబెల్ వీలునామాలో మనస్తత్వశాస్త్రమునకు చోటు లేదు. ఫ్రాయిడ్‌కు ఆ బహుమతి ఎన్నడును రాలేదు. 1930లో ఫ్రాంక్‌ఫర్టు నగరము ఆయనకిచ్చినది కవి గేటె పేరిట నెలకొల్పిన బహుమతి. అనగా వైద్యుని రచయితల పంక్తిలో కూర్చుండబెట్టినారు! మనుష్యులు నిర్ణయములు చేయునప్పుడు ఎట్లు పొరబడుదురో పరీక్షించి చూపిన డానియల్ కానెమన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు. ఆయనకు 2002లో అర్థశాస్త్రమున బహుమతి లభించినది.

మన దేశములో ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ మొదట కలకత్తా విశ్వవిద్యాలయములో 1916లో ఏర్పడినది. హార్వర్డులో చదివివచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్త దానిని నడిపెను. అక్కడ చేరిన విద్యార్థులలో గిరీంద్రశేఖర బోసు అప్పటికే వైద్యవృత్తిలో ఉన్నవాడు. వైద్యుడు మరల బడికి పోవుట ఆ రోజులలో వింతయే. ఆయన 1917లో ఎం.ఏ. పట్టము పొంది, మనస్సులో కోరికలు అణగిపోవుటను గూర్చి వ్రాసిన సిద్ధాంతగ్రంథమునకు 1921లో డాక్టరు పట్టమందుకొనెను. ఈ శాస్త్రములో భారతదేశమున ఇయ్యబడిన మొదటి డాక్టరు పట్టమదియే. బోసు తన గ్రంథమును వియన్నాకు, ఫ్రాయిడ్‌కే పంపినాడు. నాటినుండి 1937 వరకు ఇరువురికిని ఉత్తరములు నడచినవి. గురువుగా ఎంచినవానితో అభిప్రాయభేదము కలిగినప్పుడు బోసు దానిని దాచుకొనలేదు. పట్టముకంటె ఈ ధైర్యమే గొప్పదనిపించును.

ఆదోని ప్రాంతమునకు ఈ చదువు చుట్టుతిరిగి వచ్చినది. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. పట్టములు మదరాసు విశ్వవిద్యాలయమువి. అక్కడ మనస్తత్వశాస్త్ర శాఖ 1943లో వెలసినది. తరువాత 1954లో తిరుపతిలోను, 1981లో అనంతపురములోను, 2008లో కర్నూలులోను విశ్వవిద్యాలయములు వచ్చినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మాత్రము ఈ శాస్త్రము విచిత్రమైన జోడుతో అడుగిడినది. 1967లో అక్కడ మనోవిజ్ఞానమునకును పరామనోవిజ్ఞానమునకును కలిపి ఒకే శాఖను ఏర్పరచినారు. దానికి మూలపురుషుడు ఆచార్య కోనేరు రామకృష్ణారావు.

తత్త్వశాస్త్రము చదివిన రామకృష్ణారావు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు పోయి జె.బి. రైన్ వద్ద పనిచేసెను. రైన్ పద్ధతిని తరగతిలో ఎవరైనను చేసి చూడవచ్చును. వలయము, కూడిక గుర్తు, అలలు, చతురస్రము, నక్షత్రము, ఈ అయిదు గుర్తులు ఒక్కొక్కటి అయిదేసి కార్డులపై ఉండును, మొత్తము 25. చూడకుండ గుర్తు చెప్పినచో కేవలము యాదృచ్ఛికముగా సగటున 5 సరిపోవలెను. ఎక్కువ సరిపోయినచో కారణమేమి? ఇంద్రియములకు అతీతమైన శక్తి యని రైన్ వర్గమువారు. కార్డు వెనుకనుండి గుర్తు కనబడుట, లెక్క వ్రాయుటలో పొరపాటు, మరియొకచోట అదే ఫలితము రాకపోవుట చూడుడని విమర్శకులు. 1987లో ఒక అంతర్జాతీయ శాస్త్ర పత్రిక రామకృష్ణారావు, జాన్ పామర్ కలిసి వ్రాసిన వ్యాసమును, జేమ్స్ ఆల్కాక్ ఖండనను ప్రక్కప్రక్కనే ప్రచురించెను. శాస్త్రలోకములో అధికసంఖ్యాకులు నేటికిని ఆ శక్తి ఋజువైనదని అంగీకరించరు.

ఆయనకు గౌరవములు మాత్రము తక్కువ కాలేదు. 1965లో పరామనోవిజ్ఞానుల అంతర్జాతీయ సంఘమునకు అధ్యక్షుడు, 1980 దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి, 2011లో పద్మశ్రీ. ఆ పద్మశ్రీ సాహిత్యము, విద్య అను పద్దున ఇయ్యబడినది, శాస్త్రము పద్దున కాదు. ఆయన 2021లో మరణించెను. బిరుదము మనిషి జీవితకాల కృషిని మన్నించును. కార్డుల ప్రయోగము నిజమా కాదా యను తీర్పును బిరుదములిచ్చు సభలు చెప్పలేవు. దానిని మరల మరల చేసిన ప్రయోగములే చెప్పవలెను.

1958 నుండి ఇయ్యబడిన శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతులు ఏడు శాస్త్రములకు ఉద్దేశింపబడినవి. వానిలో మనస్తత్వశాస్త్రము లేదు. విద్యార్థుల సంగతియు ఇట్లే. ఎం.ఏ. ముగించి పరిశోధక వేతనము కోరు విద్యార్థి జాతీయ అర్హత పరీక్ష వ్రాయవలెను. భౌతిక, రసాయన, జీవశాస్త్రముల పరీక్ష శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలిది. ఆదోని నుండి పోయిన విద్యార్థి ఆ పట్టికలో తన శాస్త్రమునకై వెదకినచో కనబడదు. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము పట్టికలో, చరిత్ర, భాషలు మొదలైన వాని సరసన ఉండును. అందులో నెగ్గి వేతనము పొందిన ఆ విద్యార్థియే, మరునాడు ప్రయోగశాలలో కూర్చుండి, దీపము వెలిగిన క్షణమునుండి వ్రేలు మీటను నొక్కువరకు పట్టిన కాలమును సెకనులో వెయ్యవ వంతు వరకు కొలుచుచుండును.