రక్షణము, మోక్షము : క్రైస్తవ సిద్ధాంత చరిత్రలో నొక పరిశీలనము

క్రీ. శ. 1746లో జర్మనీ దేశమందలి హాలే నగరమున తెలుగు లిపిలో నొక చిన్న గ్రంథము ముద్రిత మయ్యెను. దానిని సిద్ధపఱచినవాడు బెంజమిన్ షుల్జ్. ఈయన తరంగంబాడి మిషనులో పనిచేసి, పిదప చెన్నపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చిన జర్మను మతబోధకుడు. మోక్షమునకు గొనిపోవు దోవ యని ఆ గ్రంథనామమునకు అర్థము. నేడు తెలుగు బైబిలును తెఱచినచో ఈ భావమునకు 'రక్షణ' యను పదమే ప్రధానముగా కనబడును. క్రీస్తు 'రక్షకుడు'గా కీర్తింపబడును. ఒక భావమునకు రెండు కాలములలో రెండు పదములు ప్రధానములగుట అనువాదకుల అభిరుచిభేదము మాత్రమేనా? లేక ఆ భావమునందే యేదైన భేదము ఇమిడియున్నదా? దీనికి సమాధానము నిఘంటువులలో దొరకదు. క్రైస్తవ సిద్ధాంత చరిత్రనే పరిశీలింపవలసియున్నది.

మోక్షశబ్దము 'ముచ్' ధాతుసంబంధము గలది. బంధమునుండి విడుదల యని దాని యర్థము. మన దర్శనములలో ఆ బంధము సంసారము. దానిని తెంచు సాధనములు జ్ఞాన కర్మ భక్తులు. రక్షణ శబ్దము వేఱొక దృశ్యమును కన్నులకు గట్టును. ఆపదలో చిక్కినవా డొకడు, వానిని కాపాడువాడు మఱియొకడు. మోక్షమును సాధించుట యనవచ్చును గాని, రక్షణను సాధించుట యనుట తెలుగు చెవికి అంతగా నింపు కాదు, రక్షణ పొందబడునది. క్రొత్త నిబంధనలోని గ్రీకు పదమగు 'సోతేరియా'కు అర్థవ్యాప్తి యింకను ఎక్కువ. ఓడ మునుగక గట్టు చేరుట, రోగి కోలుకొనుట, శత్రువు చేతినుండి తప్పించుకొనుట ఇవియన్నియు దాని పరిధిలోనివే. దానికి సమానమగు లాటిన్ పదము 'సాలుస్'నకు ఆరోగ్య మనియు అర్థము కలదు. అందువలన క్రైస్తవ చింతకులను రెండు ప్రశ్నలు ఎడతెగక వెంబడించినవి. మానవుడు దేనినుండి రక్షింపబడుచున్నాడు? ఆ రక్షణలో అతని పాలెంత?

ఇచట గమనింపదగిన విశేష మొకటి కలదు. క్రీస్తు ఎవరను విషయమున సంఘము ఖండితముగా నిర్ణయము చేసినది. 325లో నైసియా మహాసభ ఆయన దైవత్వమును, 451లో కాల్సెడోను మహాసభ ఆయన దైవ మానవ స్వభావముల సంయోగమును నిర్వచించినవి. కాని ఆయన మానవులను ఏ రీతిని రక్షించెనను విషయమున సర్వసంఘములకు ప్రమాణమగు నిర్వచన మేదియు వెలువడలేదు. క్రొత్త నిబంధనలో దాస్యవిమోచనకు చెల్లించు క్రయధనము, బలి, న్యాయస్థానపు తీర్పు, శత్రువుల నడుమ సమాధానము, దత్తస్వీకారము అను ఉపమానములు పక్కపక్కనే యున్నవి. వీనిలో నొకదానిని సిద్ధాంతముగా నిలిపి మిగిలినవానిని త్రోసివేయుట జరుగలేదు. కావుననే ప్రతి యుగమును తన వ్యవస్థలకు సన్నిహితమైన ఉపమానమును చేపట్టి, దానియందే రక్షణను చూచినది.

తొలి శతాబ్దులలో బానిసల క్రయవిక్రయములు లోకవ్యవహారము. విమోచన మనగానే ధనమిచ్చి బానిసను విడిపించుట ఆనాటి శ్రోతకు స్ఫురించెడిది. మూడవ శతాబ్దివాడగు ఒరిజెన్ ఆ ధనము సాతానునకు చెల్లింపబడెనని తలచెను. నాలుగవ శతాబ్దమున నిస్సా గ్రెగరీ, గాలమునకు ఎఱగూర్చినట్లు క్రీస్తు మానవదేహమున దైవత్వము దాగియుండెననియు, సాతాను దానిని మ్రింగి పట్టుబడెననియు వర్ణించెను. ఆయన మిత్రుడే యగు నజియాంజస్ గ్రెగరీ, దోపిడీదారునకు దేవుడు మూల్యము చెల్లించుట యేమని ఈ భావమును నిరసించెను. అంతకు పూర్వమే రెండవ శతాబ్దాంతమున లియోన్సు బిషప్పగు ఇరెనేయస్, ఆదాము చెఱచిన మానవచరిత్రను క్రీస్తు మొదటినుండి మరల నడచి సరిదిద్దెనని బోధించెను. అలెగ్జాండ్రియా నగరపు అథనేసియస్ (మరణము 373) దేవుడు మానవుడగుట మానవుడు దైవత్వమున పాలుపంచుకొనుటకే యని నిరూపింపజూచెను. నేటికిని ప్రాచ్య సంఘములలో రక్షణ యనగా అపరాధక్షమ కంటె ఈ దివ్యత్వప్రాప్తియే ముఖ్యము. వీరి దృష్టిలో మానవుడు దోషి యగుటకంటె ముందు రోగి, మృత్యువశుడు.

పశ్చిమమున వేఱొక ప్రశ్న రేగినది. బ్రిటన్ దేశమునుండి రోమునకు వచ్చిన పెలేజియస్ కఠోర నియమములు గలవాడు. దేవుడు ఆజ్ఞాపించినచో దానిని పాటింపగల శక్తి మానవునకు ఉండవలయును. లేనిచో ఆజ్ఞయే అన్యాయమగునని ఆయన వాదము. హిప్పో బిషప్పగు అగస్టీన్ (354-430) ఇందుకు తన జీవితమునే సాక్ష్యముగా చూపెను. మంచిని ఎఱిగియు చేయలేకపోవుట ఆయన అనుభవము. సంకల్పమే రోగగ్రస్తమైనపుడు సంకల్పబలమున లేచుట యెట్లు? కావున మొదటి కదలికయు దేవుని కృపవలననే కలుగవలయు ననెను. 418లో కార్తేజి సభ పెలేజియస్ మతమును ఖండించెను. 529లో ఆరెంజి సభ, విశ్వాసారంభము సైతము కృపాజన్యమేయని ఒప్పుకొనుచు, దేవుడు కొందఱను పాపమునకు నియమించెనను మాటను తిరస్కరించెను. అగస్టీన్ వాదమున సగమును స్వీకరించి, దాని కఠినమగు పర్యవసానమును సంఘము వదలుకొన్నదన్నమాట.

ఈ వివాదము మనకు పూర్తిగా క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులలో వడగలై, తెన్గలై శాఖల భేదమును తెలుపు మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములు మన విద్యార్థులకు సుపరిచితములు. కోతిపిల్ల తల్లిని పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోటగఱచి కొనిపోవును. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఒట్టో ఈ సాదృశ్యమును గుర్తించి, భారతీయ కృపామతమును క్రైస్తవముతో పోల్చి గ్రంథము వ్రాసెను. అయినను సాదృశ్యము ప్రపత్తిస్వరూపమున కలదే కాని, దేనినుండి విడుదల యను విషయమున లేదు. అగస్టీనునకు బంధము జన్మపరంపర కాదు, వక్రించిన సంకల్పము. దీనిని మఱచి పోల్చినచో రెండు సంప్రదాయములకును అన్యాయము జరుగును.

1098లో కాంటర్బరీ ఆర్చిబిషప్పగు ఆన్సెల్మ్ 'దేవుడు మానవు డేల యయ్యెను' అను గ్రంథమును ముగించెను. ప్రభువునకు సామంతుడు గౌరవము చెల్లింపవలసిన కాలమది. పాపమనగా దేవునికి చెల్లవలసిన గౌరవమును చెల్లింపకుండుట యని ఆయన నిర్వచనము. ఈ ఋణమును తీర్పవలసినవాడు మానవుడు. తీర్పగలవాడు దేవు డొక్కడే. కావున దైవమానవుడు అవసరమయ్యెనని తర్కించెను. సాతానునకు ఋణపడుట యను భావమున కిచట తావులేదు. కొలదికాలమునకే అబెలార్డ్ (1079-1142) మఱొక మార్గమును చూపెను. క్రీస్తు మరణమునందు వెల్లడియైన ప్రేమ మానవ హృదయమున ప్రేమను రగుల్చుననియు, అదియే విమోచనమనియు ఆయన భావము. ఒకరికి రక్షణ మానవునకు వెలుపల జరిగిన ఋణవిమోచనము; మఱొకరికి లోపల జరుగు పరివర్తనము. తరువాతి వాదములన్నియు ఈ లోపలి వెలుపలి భేదముచుట్టు తిరిగినవనిన అతిశయోక్తి కాదు.

పదునాఱవ శతాబ్దమున ఈ భేదము ఒక క్రియాపదముపై ఆధారపడి సంఘమునే చీల్చినది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోని గ్రీకు క్రియ న్యాయస్థానమునకు సంబంధించినది. నిర్దోషియని ప్రకటించుట దాని ప్రధానార్థము. లాటిన్ అనువాదమున దానికి వాడబడిన 'యుస్టిఫికారె' యను క్రియకు అవయవార్థము నీతిమంతునిగా చేయుట. అగస్టీన్ మొదలు మధ్యయుగ పండితులు ఈ రెండవ యర్థమునే గ్రహించిరి. 1517లో పాపపరిహార పత్రముల విక్రయమును నిరసించిన మార్టిన్ లూథర్ క్రమముగా మొదటి యర్థమువైపు మొగ్గెను. పాపి పాపియై యుండగనే క్రీస్తు నీతి అతని కారోపింపబడునని ఆయన బోధ. 1522 నాటి జర్మను అనువాదమున రోమా పత్రిక 3:28 వచనమునకు మూలమున లేని 'మాత్రమే' యను పదమును చేర్చి, విశ్వాసముచేత మాత్రమే యని తెలియునట్లు చేసెను. విమర్శ రాగా 1530లో, జర్మను నుడికార మట్లే కోరుచున్నదని సమర్థించుకొనెను. అనువాద మెంతటి బాధ్యతయో తెలిపుటకు ఇంతకంటె ప్రబలమగు నుదాహరణము అరుదు. క్రియలు లేని విశ్వాసము మృతమను యాకోబు పత్రికను ఆయన తక్కువ చేసి చూచుటయు ఇందువలననే.

1547లో ట్రెంటు మహాసభ ఇందుకు ప్రత్యుత్తర మిచ్చెను. నీతిమంతుడగుట పాపక్షమ మాత్రమే కాదు, అంతరంగము నూతనపఱుపబడుట కూడ. కృపచే ప్రేరితమగు మానవ సంకల్పము దానితో సహకరించును అని దాని నిర్ణయము. మానవుడు కృప లేక స్వక్రియలచే నీతిమంతుడు కాగలడను మాటను ఆ సభ మొదటనే నిషేధించినది. కావున కాథలిక్కులు కర్మవాదులనియు, ప్రొటెస్టంట్లు కృపావాదులనియు చెప్పు సామాన్య విభజనము చరిత్రకు నిలువదు. ప్రొటెస్టంట్లలోను ఏకాభిప్రాయము లేదు. 1618-19లో డార్టు సభ, కృపను మానవుడు తిరస్కరింపగలడన్న ఆర్మీనియస్ శిష్యులను ఖండించినది. పదునెనిమిదవ శతాబ్దమున జాన్ వెస్లీ ఆ తిరస్కృత పక్షమునే చేపట్టి, కృప అందఱికిని ఉచితమని ప్రకటించుచు, పరిశుద్ధ జీవనమునకు ప్రాధాన్య మిచ్చెను. పెలేజియస్, అగస్టీనుల ప్రశ్న పదమూడు శతాబ్దుల పిమ్మటను సజీవముగనే యుండెను.

ఇరువదవ శతాబ్దమున ఉపమానములు మరల మారినవి. 1930లో స్వీడను దేశపు గుస్తాఫ్ ఔలెన్, ఆన్సెల్మునకు పూర్వమున్న విజయభావమును, అనగా క్రీస్తు పాప మృత్యువులను జయించెనను భావమును పునరుద్ధరించెను. 1964లో రెండవ వాటికన్ మహాసభ, స్వదోషము లేక సువార్తను ఎఱుగక, దేవుని హృదయపూర్వకముగా వెదకువారికిని రక్షణ సాధ్యమని ప్రకటించెను. సంఘమునకు వెలుపల రక్షణ లేదని 1442లో ఫ్లారెన్సు సభ చేసిన కఠినోక్తితో దీనిని పోల్చి చూడదగును. 1971లో పెరూ దేశపు గుస్తావో గుటియెరెజ్, పేదల దాస్యవిమోచనము రక్షణలో అంతర్భాగమని వాదించెను. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కాథలిక్ సంఘమును, లూథరన్ ప్రపంచ సమాఖ్యయు నీతిమంతులగుటను గూర్చి ఉమ్మడి ప్రకటనపై సంతకము చేసినవి. దేవుడు పాపమును క్షమించుటయు, అంతరంగమును నూతనపఱచుటయు విడదీయరానివని అందలి సారాంశము. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘముల సమాఖ్య దానిని అంగీకరించినవి. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఆ లూథరన్ సమాఖ్యలోని సభ్యసంఘ మగుటచే, ఈ ప్రకటనతో తెలుగునాటికిని సంబంధము కలదు.

ఇక మన భాషకు వత్తము. ఐరోపాను చీల్చిన క్రియాపదమునకు తెలుగు బైబిలున 'నీతిమంతులుగా తీర్చు' అను ప్రయోగము కలదు. ఈ 'తీర్చు' పదమును నిదానించి చూడుడు. తీర్పు తీర్చుట న్యాయాధిపతి పని; అది లూథరు గ్రహించిన యర్థము. తీర్చిదిద్దుట శిల్పి పని, గురువు పని. అది ట్రెంటు సభ గ్రహించిన యర్థము. అప్పు తీర్చుట ఋణస్థుని పని. అది ఆన్సెల్ము భావము. మూడు పక్షములును ఒక్క తెలుగు క్రియలో ఇమిడియున్నవి. అనువాదకులు దీనిని ఉద్దేశించి చేసిరని నే ననుట లేదు, పదస్వభావమే యట్టిది. అట్లే ప్రొటెస్టంట్లు 'కృప' యనుచోట కాథలిక్కులు 'వరప్రసాదము' అందురు. కృప దాతయందలి దయ. ప్రసాదము గ్రహీతకు అందిన వస్తువు. కృప దేవుని అనుగ్రహభావమే యని లూథరు, అది ఆత్మయందు నెలకొను గుణమని మధ్యయుగ పండితులు వాదించిన వాద మీ రెండు పదములలో ప్రతిధ్వనించుచున్నది.

దీనినిబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. షుల్జ్ గ్రహించిన మోక్షపదము విడుదలను చక్కగా తెలుపును గాని, విడిపించువానిని తప్పక స్ఫురింపజేయదు. రక్షణపదము రక్షకుని ముందుంచును గాని, రక్షింపబడినవాని లోపలి మార్పును తెలుపదు. మూలభావమున రెండును కలవు. ఏ యొక్క పదమును దానిని పూర్తిగా మోయజాలదు. తెలుగు క్రైస్తవ కీర్తనలను, శతకములను, ప్రబోధ గ్రంథములను పరిశోధించువారు 'రక్షణ' కనబడినచోటనెల్ల దానికి మోక్షమని పర్యాయము వ్రాసి తృప్తిపడరాదు. ఆ కవి దేనినుండి విడుదల కోరుచున్నాడు, ఋణమునుండియా, రోగమునుండియా, దాస్యమునుండియా, తీర్పునుండియా యని ముందుగా ప్రశ్నింపవలయును. అట్లు ప్రశ్నించిననాడు, మన సాహిత్యచరిత్రలో ఒక మూలనుంచబడిన ఆ వాఙ్మయము పదునెనిమిది శతాబ్దుల వాదములకు తెలుగు పలుకుబడిలో పుట్టిన ప్రత్యుత్తరముగా కనబడకపోదు.