కుటుంబ అవసరాల నిమిత్తం

1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఒక బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుని డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలం నుంచి వస్తున్న హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం పట్టు వదలకుండా ఢిల్లీ దాకా వెళ్ళింది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలో గెలుపోటములు పూర్తిగా అదృష్టం మీదే ఆధారపడతాయి, రమ్మీ అలా కాదు అని న్యాయమూర్తులు తేల్చారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది చేతిలో ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పుదే పైచేయి అన్నారు. ప్రభుత్వం ఓడిపోయింది.

క్లబ్బు యజమాని ఆట మీద లాభం చేసుకుంటున్నాడని రుజువైతే అది నేరమే కావచ్చని అదే తీర్పులో ఒక హెచ్చరిక కూడా ఉంది. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. "రమ్మీ నేర్పుతో ఆడే ఆట" అన్న ఒక్క ముక్క మాత్రం తెలుగునాట ప్రతి పేకాట క్లబ్బు యజమానికీ కంఠస్థమైంది. తర్వాతి యాభై ఏళ్ళు క్లబ్బులకు అదే రక్షణగా నిలిచింది.

ఆ ఐదుగురి డబ్బు ఎవరి ఇంట్లోంచి వచ్చిందన్న ప్రశ్న ఆ వాదంలో రాలేదు. చట్టం కోర్టును అడగమన్నది అది కాదు. ఆట ఏమిటి, చోటు ఎవరిది, నడిపిందెవరు అన్నంత వరకే చట్టం చూపు. బ్రిటిష్ ఇండియాలో 1867లో వచ్చిన జూద చట్టం అడ్డా నడిపేవాడికి 200 రూపాయల దాకా, ఆడుతూ దొరికినవాడికి 100 రూపాయల దాకా జరిమానా పెట్టింది. కోస్తా, సీమ జిల్లాలకు 1930 నాటి మద్రాస్ గేమింగ్ చట్టం వర్తించేది. ఆ జిల్లాలకొక చట్టం, తెలంగాణకొక చట్టం అన్న పద్ధతి పోయి 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. అందులోనూ నేర్పుతో ఆడే ఆటలకు మినహాయింపు దొరికింది. అడ్డా గుమ్మం దాటి ఆడినవాడి ఇంటిదాకా చట్టం ఎప్పుడూ రాలేదు.

మన పాత గ్రంథాలు మాత్రం ఇంటినీ చూశాయి. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు చెప్పుకునే సూక్తం ఒకటుంది. భార్య దూరమవుతుంది, అత్తగారు ఛీకొడుతుంది, అప్పు కోసం రాత్రిళ్ళు పరాయి ఇళ్ళ వైపు నడుస్తాడు, కళకళలాడే ఇతరుల కాపురాలు చూసి కుమిలిపోతాడు. మూడు వేల ఏళ్ళ నాటి ఆ మనిషిని నేటి ఊళ్ళో నిలబెడితే బంధువులు వెంటనే గుర్తుపడతారు. నన్నయ సభాపర్వాన్ని తెలుగు చేసినప్పుడు ధర్మరాజు పందెం తెలుగు ఇళ్ళలోకి వచ్చింది. ఆ కథలో ఓడిపోయింది రాజ్యమే అయినా, వందల ఏళ్ళుగా జనం మరిచిపోలేనిది భార్యను ఒడ్డిన ఘట్టం.

కౌటిల్యుడిది వేరే లెక్క. జూదం అంతా ఒకేచోట, ద్యూతాధ్యక్షుడి కళ్ళెదుట జరగాలన్నాడు. గెలిచినవాడి సొమ్ములో నూటికి ఐదు ఖజానాకు రావాలన్నాడు. రాజ్యం తన వాటా తాను తీసుకుంటుంది, ఓడినవాడి ఇల్లు ఏమైందన్నది ఆ లెక్కలో లేదు.

యాజ్ఞవల్క్య స్మృతి ఆ ఇంటి గురించి పట్టించుకుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్నది సాధారణ ధర్మం. కానీ తాగుడుకీ, కాముకత్వానికీ, జూదానికీ చేసిన అప్పు కొడుకు మీద పడదని ఆ స్మృతి స్పష్టంగా మినహాయించింది. ఆ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య దేశంలో చాలా భాగానికి ఆస్తి పంపకాల్లో ప్రమాణమైంది. దాని సారాన్ని 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. ఆధునిక కోర్టులు కూడా హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఆస్తి తగాదాలు తీర్చేటప్పుడు ఇలాంటి అప్పులను వేరుగానే చూశాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ఇంకో మాట చేర్చింది: పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టుకెక్కడానికి వీల్లేదు.

ఇంత రక్షణ ఉండీ ఇళ్ళు ఎందుకు కూలాయి? జవాబు ప్రామిసరీ నోటులో ఉంది.

తెలుగు ఊళ్ళలో ప్రోనోటు చూడనివాళ్ళు అరుదు. అచ్చేసిన కాగితం, కింద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీదుగా సంతకం. పైన తేదీ, తండ్రి పేరు, ఊరు. తర్వాత ఒక మామూలు వాక్యం: నా కుటుంబ అవసరాల నిమిత్తం మీ వద్ద ఈ రోజు రొక్కంగా తీసుకున్న రూపాయలు ఇన్ని, నూటికి నెలకు ఇంత వడ్డీతో మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను. పెళ్ళికి తీసుకున్నా, విత్తనాలకు తీసుకున్నా, మూడు ముక్కలాటలో తెల్లవారుజామున తీసుకున్నా ఆ వాక్యం మారదు. మూడేళ్ళ గడువు తీరబోతుంటే కాగితం వెనక ఎంతో కొంత జమ రాయించి, కింద సంతకం పెట్టించి గడువు పొడిగిస్తారు. అడ్డాలో పుట్టిన అప్పు ఆ వాక్యంతో ఇంటి అప్పుగా మారిపోతుంది. కొడుకులు కోర్టుకు వెళ్ళి, అది జూదానికి చేసిన అప్పు అని రుజువు చేయాలంటే ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. చెప్పేదెవరు? పైగా 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు, పందెం ఒప్పందం చెల్లకపోయినా అది చట్టవిరుద్ధం కాదనీ, దానికి అనుబంధంగా జరిగిన లావాదేవీ అంతమాత్రాన చెల్లకుండా పోదనీ చెప్పింది. అప్పిచ్చినవాడికి అక్కడ ఇంకో దారి తెరుచుకుంది.

అడ్డాలో అప్పిచ్చేవాడు ఆటలో భాగమే. శిబిరం నడిపేవాడికి ప్రతి ఆట మీదా వాటా ఉంటుంది, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా అది తప్పదు. కాబట్టి ఆట ఆగకుండా ఉండటమే అతని వ్యాపారం. జేబు ఖాళీ అయినవాడు లేచిపోకుండా డబ్బు పెట్టే మనిషి పక్కనే ఉంటాడు. బైకు తాళం, ఆర్‌సీ కాగితం, సెల్‌ఫోను, వేలి ఉంగరం అన్నీ తాకట్టుకు పనికొస్తాయి. భోజనం, సిగరెట్లు కూర్చున్న చోటికే వస్తాయి. మామిడి తోట, చెరువు గట్టు మీది షెడ్డు, లాడ్జి గది, ఊరి చివర కడుతున్న ఇల్లు అంటూ చోటు మారుతూ ఉంటుంది. దారి మలుపులో కాపలా ఉంటుంది. గదిలో ఉన్నవాళ్ళకు రాత్రి ఎంతయిందో తెలియదు, ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ గది ఎక్కడో తెలియదు.

పేకాటకు కనీసం కూర్చునే చోటు కావాలి. మట్కాకు అదీ అక్కర్లేదు.

అది బొంబాయిలో పత్తి వ్యాపారం పక్కన పుట్టింది. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్‌లో పత్తి ధర ఎంతతో మొదలై ఎంతతో ముగుస్తుందన్న అంకెల మీద పందాలు కాసేవారు. ధరలు టెలిప్రింటర్‌లో వచ్చేవి. 1961లో ఆ దారి మూసుకుపోయాక అంకెలను ఇక్కడే తీయడం మొదలైంది. 1962లో వర్లీలో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ ఈ వ్యాపారాలను నిలబెట్టారు. కుండలోంచి చీటీలు తీసే పద్ధతి పేక ముక్కలు తీసే పద్ధతిగా మారినా మట్కా, అంటే కుండ, అన్న పేరు మిగిలింది. మొదటి ఖాతాదారుల్లో ఎక్కువమంది బట్టల మిల్లు కార్మికులు. వర్లీ, పరేల్ మిల్లుల్లో పనిచేసినవారిలో తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాలు వదిలి వలసపోయిన పద్మశాలీలు చాలామంది ఉన్నారు. తర్వాతి కాలంలో మట్కా పేరు ఎక్కువగా వినబడ్డ గుంతకల్లు, తాడిపత్రి, కడప పట్టణాలు ముంబై, చెన్నైలను కలిపే రైలు మార్గం మీదే ఉన్నాయి.

ఆట తీరు సులువు. సున్నా నుంచి తొమ్మిది దాకా మూడు అంకెలు తీస్తారు, వాటిని కూడగా వచ్చినదాని చివరి అంకె ఓపెన్. రెండో విడతలో అలాగే క్లోజ్. ఒక అంకె తగిలితే రూపాయికి తొమ్మిది, రెండూ వరసగా తగిలితే తొంభై ఇవ్వడం బొంబాయి లెక్క. పది అంకెల్లో ఒకటి తగిలే ఆటలో తొమ్మిదింతలే ఇస్తే, జనం పెట్టే ప్రతి పది రూపాయల్లో ఒక రూపాయి మట్కా నడిపే కంపెనీకి మిగులుతుంది. పదిశాతమే కదా అనిపిస్తుంది. కానీ తగిలిన డబ్బు మర్నాడు మళ్ళీ పందెంలోకే వెళ్తుంది. అలా నూరు రూపాయలు ఏడుసార్లు తిరిగేసరికి సగటున చేతిలో మిగిలేది 48 రూపాయలు. టీ కొట్టు దగ్గర, కిళ్ళీ కొట్టు దగ్గర పట్టీలు రాసే బీటర్లకు దీని మీద కమీషన్. పది రూపాయలతోనైనా ఆడొచ్చు గనక హమాలీలు, తోపుడుబండ్లవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు కూడా ఇందులోకి వచ్చారు. పేకాట ఒక్క రాత్రిలో చేసే పనిని మట్కా ఏళ్ళ తరబడి, కూలి డబ్బులోంచి రోజూ కొంచెం కొంచెంగా చేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు అది నష్టంలా కనిపించదు. బియ్యం ఎప్పుడూ నెలాఖరుకు ముందే ఎందుకు అయిపోతున్నాయో తెలియదు, అంతే.

కంపెనీ నడిపిన ఇల్లూ బాగుపడలేదు. కల్యాణ్‌జీ కొడుకు సురేశ్ భగత్ 2008 జూన్‌లో అలీబాగ్ దగ్గర తన వాహనాన్ని లారీ గుద్దడంతో చనిపోయాడు. అది ప్రమాదం కాదు, హత్య అని పోలీసులు తేల్చారు. వ్యాపారం చేజిక్కించుకోవడానికి విడిపోయిన భార్య, కన్నకొడుకు పన్నిన కుట్ర అని అభియోగం. 2013లో ముంబై కోర్టు ఇద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది.

తెలుగు ఇళ్ళలో డబ్బు పోయే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు జీతం తగ్గి వస్తుంది. తర్వాత చేబదుళ్ళు. తర్వాత భార్య గొలుసు బ్యాంకులోనో తాకట్టు కొట్టులోనో చేరుతుంది, ఏదో మొక్కు పేరు చెప్పి తీసుకుపోతారు. ఆమె పేరున కట్టిన చీటీ పాట ముందే పాడేస్తారు. డ్వాక్రా సంఘంలో తీసుకున్న రుణం కూడా అటే పోతే దెబ్బ ఆ ఇంటితో ఆగదు. అప్పు సంఘానిది కాబట్టి ఒకరు కంతు కట్టకపోతే మిగతా సభ్యుల మీద పడుతుంది, పక్కింటి ఆడవాళ్ళతో మాటలు పోతాయి. భార్యకు చివరికి తెలిసేది నోటీసు వచ్చిన రోజున. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం స్త్రీధనమనీ, దాని మీద పూర్తి హక్కు ఆమెదేననీ, దాన్ని సొంతానికి వాడుకున్న భర్త మీద నమ్మకద్రోహం కేసు పెట్టొచ్చనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కాపురం నిలబెట్టుకోవాలనుకునే మనిషి గొలుసు కోసం భర్త మీద కేసు పెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆడవాళ్ళు చీపుళ్ళతో దుకాణాల ముందు నిలబడ్డారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు నుంచి సారా ఆగింది. తాగుడుకు ఏమాత్రం తీసిపోకుండా ఇళ్ళను ముంచిన జూదం మీద అంతటి ఉద్యమం ఎందుకు రాలేదు? సారాకు లైసెన్సు ఉంది, దుకాణం ఉంది, వేలం తేదీ ఉంది, వెళ్ళి నిలబడటానికి ఒక గుమ్మం ఉంది. పేకాట శిబిరానికి గుమ్మమే లేదు. తాగినవాడు వీధిలో తూలుతూ వస్తాడు, ఊరంతా చూస్తుంది. ఓడినవాడు తల దువ్వుకుని ఇంటికి వస్తాడు.

ఏడాదిలో మూడు రోజులు మాత్రం గుమ్మం బార్లా తెరుచుకుంటుంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందాల బరుల పక్కనే గుండాట బల్లలు వెలుస్తాయి. 2016 డిసెంబరులో హైకోర్టు పందాలు ఆపాలని గట్టిగా ఆదేశించింది. అయినా ఆ వెంటనే వచ్చిన సంక్రాంతికీ, ఆపై సంక్రాంతికీ బరులు లేచాయి. పండక్కి వచ్చిన అల్లుడు మామగారి ఊళ్ళో అప్పుపడి వెళ్ళడం ఆ జిల్లాల్లో కొత్త కథ కాదు.

2014లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పేకాట క్లబ్బులను మూయించింది. అప్పటికే ఆట ఫోన్లలోకి వెళ్తోంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించాయి. క్రెసెంట్ క్లబ్ తీర్పు ఇచ్చిన నేర్పు వాదం ఆ నిషేధాల మీద వేసిన కేసుల్లో మళ్ళీ ముందుకొచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నేర్పు, అదృష్టం అన్న తేడా లేకుండా, నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళను మాత్రం శిక్షించకుండా వదిలింది. ఫోనులో ఆడినవాణ్ణి బాధితుడిగా చూసిన చట్టం ఒకటి, తోటలో ఆడినవాణ్ణి ఇంకా నేరస్తుడిగానే చూస్తున్న చట్టం ఒకటి ఇప్పుడు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఫోనులో ఆడేవాడికి ప్రోనోటు రాసే పని కూడా లేదు. నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు ఫోనులో ఉన్న నంబర్లన్నీ లాక్కుని, కంతు తప్పిన రోజున బావమరిదికీ, ఆఫీసులో పక్క సీటు మనిషికీ ఫోను చేస్తాయి.

పోలీసులు శిబిరం మీద దాడి చేసిన మర్నాడు జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది. తలలు వంచుకున్న మనుషులు, ముందు బల్ల మీద పేక ముక్కలు, సెల్‌ఫోన్లు, వరసగా పేర్చిన నోట్లు. ఆ నోట్లు కోర్టులో జమవుతాయి, నేరం రుజువైతే ప్రభుత్వానికి పోతాయి. అందులో ఎవరి గొలుసు మీద తెచ్చినవి ఎన్నో, ఏ సంఘం కంతుకు ఉంచినవి ఎన్నో అడిగే సెక్షను 1974 చట్టంలో లేదు, 2025 చట్టంలోనూ లేదు. తాకట్టు కొట్టులో వడ్డీ మాత్రం ఆ రోజుకు కూడా లెక్కలోకి వస్తుంది.