సింహం ఆగని గుమ్మాలు

కోల్‌కతాలో చైనావాళ్ల చరిత్ర ఒక చక్కెర మిల్లుతో మొదలవుతుంది. 1780 ప్రాంతంలో తోంగ్ అచ్యూ అనే వ్యాపారికి వారన్ హేస్టింగ్స్ బజ్‌బజ్ దగ్గర, హుగ్లీ ఒడ్డున భూమి ఇచ్చాడు. అచ్యూ చెరుకు వేసి, మిల్లు పెట్టి, చైనా నుంచి పనివాళ్లని రప్పించాడు. మిల్లు ఎన్నాళ్లో నిలవలేదు గానీ ఊరికి ఆయన పేరే మిగిలింది: అచీపూర్. ఇప్పటికీ కొత్త సంవత్సరం రోజుల్లో నగరంలోని చైనా కుటుంబాలు అక్కడికెళ్లి ఆయన సమాధి దగ్గర అగరొత్తులు వెలిగిస్తాయి.

తర్వాత వచ్చినవాళ్లు నగరంలో, టిరెట్టా బజార్ చుట్టూ స్థిరపడ్డారు. కాంటన్ వాళ్లు వడ్రంగం, హక్కాలు చెప్పులూ తోళ్లూ, హుబే వాళ్లు పళ్లవైద్యం. ఎవరి పని వాళ్లది, ఎవరి గుడి వాళ్లది. ఆ గుళ్లని అక్కడ అందరూ ‘చర్చి’ అనే అంటారు.

నేను వెళ్లింది కొత్త సంవత్సరం పొద్దున. వీధిలో పంది మాంసం కూరిన బన్నులు, చేప ఉండల సూపు పొగలు కక్కుతున్నాయి. డోలు, తాళాలు మోగగానే సింహం బయల్దేరింది. మన పులివేషం చూసినవాళ్లకి ఆ ఊపు కొత్తేం కాదు. ఇంటింటి ముందూ ఆగి ఆడుతుంది, ఎర్ర కవరులో పెట్టిన కానుక నోట కరుచుకుంటుంది. పిల్లలు కేకలు పెడుతూ వెంటపడతారు. నేనూ పడ్డాను.

కొన్ని గుమ్మాల దగ్గర మాత్రం సింహం ఆగలేదు. వాటికి తాళాలున్నాయి.

ఆ తాళాలకి కారణాలు చాలా ఉన్నా, అన్నిటికన్నా పెద్దది 1962. చైనాతో యుద్ధం రాగానే తెచ్చిన చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో, తాతల్లో ఒక్కరు చైనా పౌరులైనా చాలు, నిర్బంధించొచ్చు. అస్సాం, బెంగాల్ ప్రాంతాల నుంచి సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి రైళ్లలో తరలించారు. వాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లూ, పసిపిల్లలూ ఉన్నారు. యుద్ధం నెలరోజుల్లో ముగిసింది. శిబిరంలో కొందరు 1967 దాకా ఉన్నారు. తిరిగొచ్చాక ఇళ్లూ దుకాణాలూ చాలామందికి దక్కలేదు. వేలమంది కెనడా లాంటి దేశాలకి వెళ్లిపోయారు. ఒకప్పుడు ఇరవై వేలనుకున్న జనం ఇప్పుడు రెండు వేలకి అటూ ఇటూ.

శత్రువులని ముద్ర పడ్డాక, అదే నగరంలో నడివీధిలో డోలు కొట్టాలంటే ఎంత ధైర్యం కావాలి! ఆ పండగకి తప్పకుండా వెళ్లండి. బన్నులు చల్లారకముందే తినండి, సింహం వెంట పరిగెత్తండి. అది ఆగకుండా దాటిపోయిన గుమ్మాలు కనిపిస్తే, అక్కడ మీరొక్క క్షణం ఆగండి.